మా ఇంటాయనా, రెండో విలనూ

డెబ్బైల మొదట్లో నేను ఫ్యాక్టరీ ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి, సంగారెడ్డిలో ఒక ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. నాతోపాటు ఆ గదిలో ఉండేవాడు మా ఫ్యాక్టరీలోనే ఒక ఆఫీసరు దగ్గర స్టెనో. ఇద్దరికీ సినిమా పిచ్చి. అప్పట్లో ఏ సినిమా చూసినా గూఢచారే.

ఊళ్లోని టాకీసుకు అలాంటిదొకటి వచ్చింది. అందులో పెద్ద విలన్ కొండగుహలో కూర్చుని రంగు దీపాలు వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటాడు. అతనికి రహస్యాలు చేరవేసే రెండో విలన్ సాక్షాత్తూ గూఢచారి శాఖ పెద్దాఫీసరు దగ్గర సెక్రటరీ. ఈ సంగతి ఇంటర్వెల్ తర్వాత గానీ హీరోకి తెలియదు. హాల్లో ఉన్నవాళ్లకి మాత్రం, సెక్రటరీ తలుపు తోసుకొచ్చి దణ్ణం పెట్టగానే తెలిసిపోయింది. కలిసిపోయిన కనుబొమలు, సగం మూతపడ్డ ఎడమ కన్ను, గడ్డం మీద పుట్టుమచ్చ. అవి చాలనట్టు అతను కనిపించినప్పుడల్లా వెనకాల డప్పుల మోత. నేల క్లాసులో ఎవరో "గీడే దొంగ!" అని అరిచారు కూడా.

"ఇంత తెలిసిపోయేవాడిని పెట్టడమేమిటి? వాడి మొహం చూస్తే నాకే భయమేసింది, ఆ ఆఫీసరు ఉద్యోగం ఎలా ఇచ్చాడు?" అన్నాను దారిలో.

"అందుకే సరిగ్గా సరిపోయాడు. విలన్‌కి విలన్ మొహం కాక పూజారి మొహం పెడతారా?" అన్నాడు స్టెనో.

అలా వాదించుకుంటూ ఇంటికొచ్చేసరికి మా ఇంటి యజమాని వాకిట్లో బర్రెను కట్టేస్తున్నాడు. తలెత్తి "అచ్చిన్రా సారూ" అన్నాడు. మేమిద్దరం అక్కడే ఆగిపోయాం. అవే కనుబొమలు. అదే సగం కన్ను. మచ్చ కూడా ఆ చోటే. రోజూ చూస్తున్న మొహమే. తెర మీద చూసి వస్తే గానీ మాకు కనిపించలేదు.

మాకే కాదు, వారం తిరిగేలోగా ఊరందరికీ కనిపించింది. కూరగాయల అంగట్లో ఆడవాళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. బస్సు కండక్టరు ఈయనకు సెల్యూట్ కొట్టి కిసుక్కున నవ్వాడట. జొన్నచేను, బర్రెలు తప్ప వేరే లోకం లేని మనిషి. పరేషానై మా గదికి వచ్చాడు.

"ఏంది సారూ, నన్ను జూసి అందరు నగుతున్రు?"

చెప్పేకంటే చూపించడమే మేలనుకున్నాం. ఆదివారం మ్యాట్నీకి ఆయన్నీ, ఆయన భార్యనీ వెంటబెట్టుకుని వెళ్లాం.

సినిమా నడుస్తున్నంతసేపూ ఆయన కళ్లు తెర మీద, మా కళ్లు ఆయన మీద. సెక్రటరీ రాగానే హాలంతా ఈలలు వేసింది. ఈయన మాత్రం ఇష్టంగా ముందుకు వంగాడు. ఇంటర్వెల్లో స్టెనో మెల్లగా అడిగాడు, "రహస్యాలు ఎవరు అమ్ముతున్నారంటారు?"

"ఆ హీరోగాడే. మొకం జూడున్రి, పౌడర్ గొట్టుకొని ఎట్లున్నడో. పాపం గా సెక్రటరీ సారు మంచోడు."

ఇంటర్వెల్ అయ్యాక నిజం బయటపడింది. సెక్రటరీ జేబులోంచి పిస్తోలు తీశాడు. ఆ హాలు మొత్తంలో ఉలిక్కిపడ్డవాడు మా ఇంటాయన ఒక్కడే. కథ రాసినవాడు ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఆ మలుపు దాచాడో మాకు అప్పుడు అర్థమైంది.

 తిరిగి వస్తుంటే ఆయన భార్య వైపు తిరిగాడు.

"నీకు ఎరుకైందా?"

"వాడు రాంగనే వట్టిన," అందామె.

"ఎట్ల?"

"లగ్గమైన కాన్నుంచి గా మొకం సూస్తలేనా?"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. నాలుగు రోజులు మాతో ముభావంగా ఉండి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ ఒక్కడే వెళ్లి ఆ సినిమా చూసొచ్చాడు. ఆ సాయంత్రం మా గుమ్మంలో కూర్చున్నాడు. మొహం తేటగా ఉంది.

"ఈసారి మంచిగ జూసిన సారూ. తప్పు వానిది కాదు."

"మరెవరిది?" అన్నాను.

"గా ఆఫీసర్ది. సినిమా అయ్యేదాంక గా మనిషి కాయిదాలు తెస్తడు, తలుపు దీస్తడు, నిలవడే ఉంటడు. ఒక్కసారన్న కూసో అన్నడా? తిన్నవా అని అడిగిండా? దుష్మన్‌గాడు కుర్సీ ఏసి కూసోబెట్టిండు. ఇగ వాడు ఎటు వోతడు?"

 మామూలుగా అయితే ఇలాంటి మాటకి స్టెనో వెంటనే వాదనకి దిగేవాడు. ఆ రోజు లేచి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు కంపెనీ బస్సు పటాన్‌చెరు దాటుతుండగా అన్నాడు.

"మా ఆఫీసరు ఇచ్చే డిక్టేషనంతా నిలబడే రాసుకుంటాను, తెలుసా?"

"అయితే?"

"ఏం లేదు. మన ఫ్యాక్టరీలో అమ్ముకోదగ్గ రహస్యం ఒక్కటీ లేదు," అని కిటికీ వైపు తిరిగాడు.