కంబదూరుకు దోటి చివరన ప్రభు భోజనం

మా అవ్వ అంబులెన్సు ఎక్కనంది. ఈ ప్రయాణానికి కారణం అదొక్కటే. కరోనా రెండో విడతలో ఆమె కంబదూరులో మామ ఇంటి వెనక గదిలో విడిగా ఉంది. ఆ ఉదయం ఆక్సిజన్ ఎనభై ఆరుకు దిగింది. అనంతపురం ఆసుపత్రిలో మంచం దొరికింది, పదకొండింటికి బండి వస్తుంది. "బల్ల ముట్టుకోకుండా గడప దాటను" అని అవ్వ ఫోన్లో తేల్చేసింది. బల్ల ముట్టడమంటే ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం.

చర్చి మూసి ఉంది, మా పాస్టరు అయ్యగారికి షుగరు, ఇల్లిల్లూ తిరగలేరు. అందుకని ఆయనొక ఉపాయం చేశారు. రొట్టె ముక్కలను చిన్న కవర్లలో, ఎండుద్రాక్ష రసాన్ని ఉడకబెట్టిన మందు సీసాల్లో పెట్టి, ప్రార్థించి పంపుతారు. ఫోన్లో ఆయన చెప్పినప్పుడు ఎవరింట్లో వాళ్లు తీసుకోవాలి. బీకాం పూర్తిచేసి ఖాళీగా ఉన్న నేను ఈ పరిశుద్ధ కార్యానికి డెలివరీ విభాగం.

తొమ్మిదిన్నరకు కళ్యాణదుర్గంలో బయలుదేరాను. షేర్ ఆటోలు లేవు. స్నేహితుడి బండి, నూరు రూపాయల పెట్రోలు, ముప్పావు గంట దారి. పన్నెండుకు కర్ఫ్యూ. జేబులో రెండు కవర్లు, రెండు సీసాలు: అవ్వకొకటి, నాకొకటి. తెచ్చినవాళ్లు కూడా రోగి కళ్లెదుటే తీసుకోవాలి, అది మా సంఘం పద్ధతి.

సగం దారిలో చెక్‌పోస్టు. కంబదూరు దాటితే కర్ణాటక సరిహద్దు.

"ఏమప్పా, సీసాల్లో ఏముండాది?"

"ద్రాక్షరసం సార్, చర్చిది. మా అవ్వకు బాగలేదు, ఆమెకు."

"కర్ణాటక మందేమో?"

ఇక్కడ నోరు మూసుకోవాల్సింది. "ఆ మందు అట్నుంచి ఇటు వస్తాది సార్, నేను ఇట్నుంచి అటు పోతాండా."

ఈ తర్కానికి నలభై ఐదు నిమిషాలు ఎండలో నిలబెట్టారు. పది నలభై అయింది. చివరికి కానిస్టేబులు, "అయితే తాగి చూపీ" అన్నాడు. కళ్లు మూసుకుని నా సీసా తాగేశాను. అతను దూరం నుంచే వాసన చూసి, "పోప్పా, ముసలామెకు బాగైతాదిలే" అన్నాడు.

చేరేసరికి అంబులెన్సు వాకిట్లో ఉంది. "పది నిమిషాలేనన్నా, ఇంకో పేషెంటు ఉండాడు" అన్నాడు డ్రైవరు. మామ మేకలకు ఆకు దించే దోటి తెచ్చాడు. ఆ పొడవాటి కర్ర చివర కవరూ సీసా కట్టి కిటికీలోంచి పంపాను. ఫోను స్పీకర్లో అయ్యగారి ప్రార్థన ముగిసింది. ఇద్దరం రొట్టె తిన్నాం.

"నీ రసం యాడరా?" అంది అవ్వ, ఆయాసపడుతూ.

"పోలీసు ముందర తాగేసినానవ్వా."

"అయితే నాకూ వద్దు. ఒక్కదాన్నే తాగను."

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

ఫోన్లోంచి అయ్యగారు అన్నారు: "అమ్మా, వాడు ముందొచ్చినాడు, నువ్వు వెనకొచ్చినావు. బల్ల ఇంకా ఎత్తలేదు."

అవ్వ సీసా మూత తీసి నావైపు చూసింది. "తాగేటప్పుడు ప్రార్థన చేసినావా?"

"చేసినా. వదిలిపెట్టమని."

నవ్వబోయి దగ్గింది. సీసా ఎత్తి తాగింది. గోడ పట్టుకుని తానే నడిచి బండెక్కింది.

పదహారు రోజులకు తిరిగొచ్చింది. ఆ పదహారు రోజులూ నేను ఒక్క జోకు వేయలేదు, నాకూ వ్యాధి సోకిందని ఇంట్లో అనుమానపడ్డారు. బల్ల అంటే చర్చిలో తెల్లగుడ్డ పరిచినదేనని అనుకునేవాణ్ణి. అది కొన్ని మైళ్ల పొడవు ఉండగలదని, ఒక కొనన ఒకరు తాగాక రెండో కొనన ఇంకొకరి కోసం ఎదురుచూస్తుందని అప్పుడు తెలిసింది.

ఇలా వెళ్లేవారికి ఒక్క సలహా: అంబులెన్సు కంటే గంట ముందే చేరండి. రొట్టె ఇవ్వడానికి నిమిషం చాలు, మిగతాదంతా అవ్వను ఒప్పించడానికి.