బావకు ఆపిన సీటు

బందరు బస్సులో ఒక ఇంజనీరమ్మకు కంప్యూటరు నేర్పానని ఊరంతా చెప్పుకున్నాను. అబద్ధం. ఆవిడే నాకు నేర్పింది.

గుడివాడ బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి మా బావకు సీటు ఆపాను. ఆ రోజు బందరు కోర్టులో వాయిదా ఉన్న చెరువు గట్టు దావాలో నాకున్న ఒకే ఒక్క సాక్షి అతను. ఎవరు బస్సెక్కినా లేచి చూడడం, అతను కాదని మళ్లీ కూలబడడం.

పక్కన నిలబడ్డ ఆ అమ్మాయి నవ్వింది. "నేను రాసే ప్రోగ్రామూ ఇంతేనండి బాబాయిగారూ. అవతలి కంప్యూటరు ఏదో ఒకటి పంపేదాకా, కబురు వచ్చే గుమ్మంలాంటి సాకెట్ దగ్గర కదలకుండా కూర్చుంటుంది. మధ్యలో వేరే ఏదైనా సిగ్నల్ తగిలితే ఉలిక్కిపడి లేస్తుంది, మళ్లీ అక్కడే కూర్చుంటుంది."

"అవతలివాడు అసలు పంపకపోతేనో?"

"ఇవతలినుంచే సాకెట్‌ని షట్‌డౌన్ చేసి మూసేస్తామండి. ఇక ఏమీ రాదని తెలిసి అదే లేస్తుంది."

"మా బావ అలాంటివాడు కాదమ్మా!" అన్నాను, కాస్త గట్టిగానే.

బస్సు కదిలింది. గుడ్లవల్లేరులో ఎక్కుతాడేమోనని తువ్వాలు తియ్యలేదు. పెడనలో తీసి, అప్పుడు ఆవిణ్ని కూర్చోమన్నాను.

కోర్టు వరండాలో బావ ముందే వచ్చి ఉన్నాడు, అవతలి పక్షంవాళ్ల బెంచీ మీద. నన్ను చూసి, కాస్త జరిగి చోటిచ్చాడు.

నేను నిలబడే ఉన్నాను.