పోలీసు జీపులో ముందు సీటు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ లోకంలో ఉండేది కాదు. ఇరవై అయిదేళ్ళ వయసు, కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ ఉద్యోగం, చేతిలో సుద్దముక్క. ఇంకేం కావాలి? నాలుగు స్ట్రోకుల ఇంజను బొమ్మను పిల్లల వైపు చూస్తూనే, బోర్డు వైపు తల తిప్పకుండా గీసేదాన్ని. పిస్టన్ ఇలా కిందికి దిగుతుంది, వాల్వు అలా తెరుచుకుంటుంది అని చేతులు తిప్పుతూ చెబుతుంటే వెనక బెంచీవాళ్ళు కూడా నోరు తెరుచుకుని వినేవారు. అసలు ఇంజనును మాత్రం అప్పటికి ఒక్కసారీ దగ్గర నుంచి చూడలేదు. (చూడని వస్తువు గురించి అంత ధైర్యంగా మాట్లాడటం ఆ వయసుకే చెల్లింది. ఇప్పుడు బాగా తెలిసిన విషయం చెప్పాలన్నా ముందు గొంతు సవరించుకుంటాను.)

అలాంటి రోజుల్లో మా కెమిస్ట్రీ సారు, పోలీసు శాఖ పాతబడిన బండ్లను వేలం వేస్తోందని, తనకొక మోటారు సైకిలు కావాలని బయలుదేరుతుంటే, ఆదివారం తోచక నేనూ వెంట వెళ్ళాను. మైదానంలో ఎండకు ఎండి, వానకు తడిసిన బండ్లు వరసగా ఉన్నాయి. చివర ఒక డీజిల్ జీపు. నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, టాపు చిరిగింది, ఒక చక్రం నేలలో దిగబడింది. ఎవరో బానెట్ ఎత్తి పెట్టి వెళ్ళారు. లోపలికి తొంగిచూశాను. రెండేళ్ళుగా నేను సుద్దముక్కతో గీస్తున్నదంతా అక్కడ ఇనుముతో చేసి ఉంది! అదుగో రేడియేటరు, అదుగో ఫ్యాను బెల్టు, అదుగో నాజిళ్ళు. బొమ్మల్లో మాత్రమే తెలిసిన చుట్టం ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది. పక్కన ఇద్దరు పాత ఇనుము వ్యాపారులు, దాన్ని ఎన్ని ముక్కలుగా కోస్తే లారీలో పడుతుందా అని మాట్లాడుకుంటున్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వేలంలో వాళ్ళు ఒకసారి పాట పెంచితే నేను రెండుసార్లు పెంచాను. కెమిస్ట్రీ సారు నా చున్నీ కొస పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. అమ్మ నా పెళ్ళికి గొలుసు చేయించుకోమని బ్యాంకులో వేయించిన డబ్బులన్నీ ఆ జీపుకే అయిపోయాయి. సారుకు మోటారు సైకిలు మాత్రం దొరకలేదు.

ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేసి, “అమ్మా, బండి కొన్నాను” అన్నాను. “మంచి పని చేసినావు. ఆ సిటీ బస్సుల్లో యాడ తిరుగుతావు? స్కూటీనా?” అంది. “కొంచెం పెద్దది” అన్నాను. “బుల్లెట్టా!” అని అమ్మ గుండె పట్టుకుంది. విషయం చెప్పేసరికి “ఏమయ్యో, ఇట్ల రా!” అని నాయనను కేకేసింది. తర్వాత ఫోను నాయన చేతిలోకి పోయింది. మా నాయన మగ్గం నేసే మనిషి. కోయిలకుంట్ల పక్కన మా ఊళ్ళో మగ్గాల వీధిలో ఆయనంత నెమ్మదస్తుడు లేడని పేరు. ఆ రోజు మాత్రం ఒక్కటే మాట అన్నాడు. “పోలీసు జీపు మన వీధిలోకొస్తే నేను ఈ వీధిలో నుంచి పోతా.” ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత ఆరు నెలలు నేను ఎప్పుడు ఫోన్ చేసినా, “నాయన నేస్తాండాడు” అని అమ్మే మాట్లాడేది. ఆయన అన్ని గంటలు నేసి ఉంటే రాయలసీమలో ఆడవాళ్ళందరికీ చీరలు సరిపోయేవి.

జీపును తాడు కట్టి లాగించుకుని బళ్ళారి రోడ్డులో ఒక షెడ్డుకు చేర్చాను. అక్కడి మెకానిక్కును అందరూ స్పానర్ చిచ్చా అంటారు. తెల్లటి గడ్డం, నల్లటి చేతులు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, కింద దూరి, పైకి లేచి తీర్పు చెప్పాడు. “ఇంజన్ బాగనే ఉండాది బేటీ. మిగతాదంతా ఖతం.” నేను ఊరుకోవచ్చు కదా? కంప్రెషన్ గురించి, దహనం గురించి ఆయనకు పది నిమిషాలు పాఠం చెప్పాను. చిచ్చా శ్రద్ధగా విని, “శానా బాగుండాది. ఇప్పుడు ఆ పదమూడో నంబరు స్పానర్ అందియ్యి” అన్నాడు. నేను స్క్రూడ్రైవరు అందించాను. ఆ క్షణం నుంచి ఆ షెడ్డులో లెక్చరర్ ఎవరో, విద్యార్థి ఎవరో తేలిపోయింది.

ప్రతి ఆదివారం పాత చుడీదార్ వేసుకుని పోయి జీపు కింద దూరేదాన్ని. తుప్పు గీకాను, నట్లు కిరసనాయిల్లో కడిగాను, క్లచ్ ప్లేటు తలకిందులుగా బిగించి చిచ్చాతో తిట్లు తిన్నాను. సోమవారం క్లాసులో సుద్దముక్క పట్టుకుంటే గోళ్ళ సందుల్లో గ్రీజు కనిపించేది. దాచుకునేదాన్ని కాదు, పైపెచ్చు చెయ్యి ఇంకాస్త పైకెత్తి రాసేదాన్ని. మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఇంజను మొదటిసారి దగ్గి, నల్లగా పొగ వదిలి, గడగడమని అందుకుంది. నేను ఏడ్చాను. చిచ్చా, “పొగ కళ్ళల్లో పోయినట్టుండాది” అని మర్యాదగా అటు తిరిగాడు.

నాయన కోపానికి కారణం అమ్మ ఫోనులో చెప్పింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఊళ్ళో ఏదో గొడవ జరిగి, పోలీసులు రోడ్డు మీద కనిపించిన మగవాళ్ళనల్లా జీపెక్కించారట. నాయన చీరల మూట సైకిలుకు కట్టుకుని షావుకారు దగ్గరికి పోతున్నాడు. “నేను నేసేవాన్ని సార్, దించండి సార్” అని ఎంత మొత్తుకున్నా వినకుండా, బజారు వీధి పొడవునా జీపు వెనక బెంచీ మీద కూర్చోబెట్టి తీసుకుపోయారు. సాయంత్రం ఏమీ లేదని వదిలేశారు. దెబ్బ పడలేదు, కేసు లేదు. కానీ బజారంతా చూసింది. “మా పుట్టింటోళ్ళు, నీ మొగుడు జైలుకు పోయినాడంట కదా అని మూడేండ్లు అడిగిరి” అంది అమ్మ. ఆనాటి నుంచి నాయన బజారు వీధిలో నడవడం మానేశాడట. ఉప్పు కావాలన్నా వెనక సందులో నుంచే తెచ్చేవాడు. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని ఆ సందులో ముళ్ళకంపలు దాటుకుంటూ పోయినదాన్నే, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. జీపు అమ్మేద్దామా అనిపించింది. చిచ్చాతో చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, “బండి ఏం చేసింది బేటీ? దాన్ని యాడికి తోలితే ఆడికి పాయె” అన్నాడు.

ఆరో నెలలో ఒక ఆదివారం జీపు కింద పడుకుని ఉంటే, పక్కన తెల్ల పంచె అంచు, అరిగిన చెప్పులు కనిపించాయి. ఆ చెప్పులు నాకు తెలుసు. బయటికి పాకి వచ్చేసరికి నాయన పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. “ఊరికే వచ్చినా. అంగడికి చీరలు ఇయ్యాల” అని చిచ్చాతో అన్నాడు. (చీరల అంగడి ఊరికి ఆ చివర ఉంది.) నా ముఖం మీది గ్రీజు చూశాడు. జీపు చుట్టూ తిరిగాడు. వెనక బెంచీ దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేసి, తీసేశాడు. అప్పుడాయన ముందుకు వచ్చి, నేను కొత్తగా వేయించిన సీటు కవరును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, “ఏం గుడ్డమ్మా ఇది? ఈ కుట్టు ఎవరేసినారు? రెండు నెలలు గూడా నిలవదు” అన్నాడు. ఆరు నెలల తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. తర్వాత జానలతో సీట్ల కొలతలు తీసుకుని వెళ్ళిపోయాడు.

రెండు నెలలకు మూటతో తిరిగి వచ్చాడు. నాలుగు పోగులు కలిపి నేసిన మందపాటి నూలు గుడ్డ, బూడిద రంగు, చుట్టూ ఎర్రటి అంచు. భారతదేశంలో చీర అంచు ఉన్న పోలీసు జీపు అదొక్కటే అయి ఉంటుంది. అప్పటికి బండి కాగితాలు నా పేరు మీదికి వచ్చాయి, రంగు మీగడ రంగుకు మారింది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. బానెట్ మీది పోలీసు అక్షరాలను చిచ్చా మూడుసార్లు గీకి రంగు వేసినా, ఎండ ఏటవాలుగా పడితే లోపల నుంచి లీలగా కనిపించేవి.

“ఇంటికి తోలుకొని పోదామా నాయనా?” అన్నాను. ఆయన వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు.

బనగానపల్లె మీదుగా బయలుదేరాం. పొద్దు వాలుతోంది, ఎండ ఏటవాలుగానే ఉంది. ఒకచోట వేపచెట్టు కింద పేకాడుతున్న గుంపు మమ్మల్ని చూసి చెప్పులు వదిలేసి శనగ చేలల్లో పడి పరుగెత్తింది. నాకు భలే గర్వమేసింది. నాయన నవ్వలేదు. ఇంకాస్త ముందుకు పోగానే ఒక అవ్వ రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులెత్తింది. “ఎస్సయ్యమ్మా! మా మరిది గొర్లు నా శనగంతా మేసినాయి. నువ్వే అడగాల” అని, నేను దిగేలోపే వెనక బెంచీ ఎక్కి కూర్చుంది. “అవ్వా, నేను పోలీసును కాను. పాఠాలు చెప్పేదాన్ని” అన్నాను. “ఇంకా మేలు. పా, వానికొక పాఠం చెప్పు” అంది.

ఆ మరిది ఇల్లు పక్కనే. జీపు ఆగగానే ఆ పెద్దమనిషి తలగుడ్డ తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “తప్పయింది మేడమ్, ఇంకోసారి రావు గొర్లు” అంటున్నాడు. నేను నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. నల్లకళ్ళద్దాలు సర్దుకుని, గొంతు కాస్త లావు చేసి, “ఇంకోసారి ఇట్లా వింటే...” అని మొదలుపెట్టాను. నాయన దబ్బున కిందికి దిగాడు. నా జన్మలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం వినలేదు. “చాలించు! ఏమప్పా, మేము పోలీసులం కాము. నేను నేసేవాన్ని, ఇది నా కూతురు. నువ్వు భయపడాకు. చేతులు దించు.” నా కళ్ళద్దాలు ఎప్పుడు జేబులోకి పోయాయో నాకే తెలియదు.

ఆ మనిషి తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత వదిన వైపు తిరిగి, “జీపేసుకొని వస్తివా వదినా నా మీదికి?” అన్నాడు. “రెండేండ్లుగా మాట్లాడకుండా ఉండేది ఎవరు? నువ్వు పలకరిస్తే నాకు జీపెందుకు?” అని అవ్వ బెంచీ మీద నుంచే అరిచింది. అరుపులు పెరిగాయి, వాటి మధ్యలోనే ఎవరో మాకు మజ్జిగ తెచ్చిచ్చారు. మేము తాగేసరికి ఇద్దరూ అవ్వ మొగుడు, అంటే ఆయన అన్న, చనిపోయిన రోజు గురించి మాట్లాడుకుంటూ కళ్ళు తుడుచుకుంటున్నారు. గొర్ల సంగతి ఏమైందో నాకు తెలియదు. చప్పుడు చేయకుండా వచ్చేశాం.

దారిలో నాయనకు క్షమాపణ చెప్పాలని నోరు తెరుస్తూ, మూస్తూ ఊరు దాకా వచ్చేశాను. మా వీధికి తిరిగే మలుపు దగ్గర ఆయనే అన్నాడు. “బజారులో నుంచి పోనీ.”

“చుట్టు కదా నాయనా.”

“చుట్టే. పోనీ.”

పోనిచ్చాను. ఆయన వెన్ను నిటారుగా పెట్టుకుని, ఒక చెయ్యి బయటికి వేసి కూర్చున్నాడు. కిరాణా అంగడి, మందుల అంగడి, టీ బంకు, అందరూ లేచి చూస్తున్నారు. నాయన ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తున్నాడు. సరిగ్గా బజారు నడిమధ్యలో జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిలు అయిపోయింది. (ఎనిమిది నెలలు ఇంజను విప్పి బిగించిన ఫిజిక్సు లెక్చరరు ట్యాంకు చూసుకోలేదు.) జనం మూగారు. “దిగన్నా, నూకుతాం” అన్నాడు టీ బంకు ఆయన.

“నేను దిగను” అన్నాడు మా నాయన. “ఆ పొద్దు ఈ బజార్లోనే దించండని ఎంత అడిగినా దించకపోయిరి. ఈ పొద్దు నేనే దిగను. నూకండి.”

ఆ పాత సంగతి తెలిసిన కిరాణా తాత ముందుగా పకపకా నవ్వి, పంచె ఎగ్గట్టి వెనక చెయ్యి వేశాడు. ఆయన వెనక బజారంతా. స్టీరింగు నా చేతిలో, ముందు సీట్లో నాయన, వెనక ముప్పైమంది. మగ్గాల వీధిలోకి తిరిగేసరికి అమ్మ వాకిట్లో పేడనీళ్ళ చేత్తోనే నిలబడిపోయింది. నా జీవితంలో ఆ తర్వాత బహుమతులు, ప్రమోషన్లు వచ్చాయి గానీ, అంత గర్వంగా ఇంకెప్పుడూ ఇల్లు చేరలేదు.

ఇప్పుడు కడపలో ఒక కాలేజీకి ప్రిన్సిపాల్‌ని. తోలేది ఏసీ కారు. అది వెనక్కి పోతుంటే తనే కీచుమని అరిచి జాగ్రత్తలు చెబుతుంది. జీపు మా షెడ్డులోనే ఉంది. పోయిన నెల దాని కింద ఏదో కారుతుంటే, పాత చుడీదార్ వేసుకుని దర్జాగా దూరాను. కారేది ఎక్కడో కనిపెట్టాను కూడా. బయటికి మాత్రం రాలేకపోయాను. నడుము పట్టేసింది. మావారు, వాచ్‌మన్ చెరో కాలు పట్టుకుని లాగుతుంటే, చక్రాల మధ్య నుంచి ఆకాశం చూస్తూ ఆ ఇరవై అయిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. స్పానరుకీ స్క్రూడ్రైవరుకీ తేడా తెలియకుండానే జీపు కొనేసిన ఆ పిల్లకు అంత ధైర్యం ఎక్కడిదో! ఇప్పుడు గనక కనిపిస్తే రెండు చీవాట్లు పెట్టి, టార్చి పట్టుకుని పక్కన కూర్చుందును.