సోమవారం నుంచి బుధవారానికి

రెండో కాన్పు కూడా ఆపరేషనే అని డాక్టరమ్మ ముందే చెప్పింది. మొదటిసారి కూతురు పుట్టినప్పటి కోత ఉంది కాబట్టి నొప్పులు వచ్చేదాకా ఆగొద్దంది. నెలలు నిండగానే ఒక రోజు చూసి తీసేద్దాం అంది. కరీంనగర్‌లో ఇది పెద్ద విశేషమేమీ కాదు. మా వాడకట్టులో కోత లేకుండా కన్నవాళ్లను వెతకాలి. ఆమె గోడ మీది క్యాలెండర్ చూసి సోమవారం రమ్మంది. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, పొద్దున నీళ్లు కూడా తాగకూడదు, గోళ్ల రంగు తుడిచేసుకోవాలి, రక్తం ఇవ్వగలిగిన మనిషిని ఒకరిని వెంట తెచ్చుకోవాలి. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా బుద్ధిమంతురాలిలా తలూపాను.

చొప్పదండిలో పుట్టింటికి, నన్ను కన్న అవ్వ దగ్గరికి వచ్చి అప్పటికే నెల దాటింది. నా భర్త శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని చేస్తాడు, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పోతుండేవాడు. సోమవారం అని నేను ముందుగా చెప్పింది ఆయనకు కాదు, మస్కట్‌లో ఉన్న మా తమ్ముడికి. వాడు నాకన్నా ఆరేళ్లు చిన్న. నా చంకనెక్కి పెరిగినవాడు. ఫోనులోనే ఎగిరి గంతేశాడు. ఆ రోజు పనిలో ఉన్నా సరే ఫోను చేతిలోనే పెట్టుకుంటానన్నాడు, పిల్లవాడి ముఖం అందరికన్నా ముందు తనకే చూపించాలన్నాడు. పిల్లవాడని నీకెవరు చెప్పారురా అని కోప్పడ్డాను. మేనమామకు తెలుస్తుందట!

అవ్వ మాత్రం సోమవారం ఏ నక్షత్రమో కనుక్కుని వస్తానని అయ్యగారి దగ్గరికి పోయింది. పోయేటప్పుడు ఉన్న ముఖం వచ్చేటప్పుడు లేదు. సోమవారం రోహిణి. రోహిణిలో పుట్టిన పిల్లవాడు మేనమామకు గండం అంటారు మా దగ్గర. దానికి శాంతి ఉంది. మేనమామ పిల్లవాడి ముఖం నేరుగా చూడకుండా, గిన్నెలో నూనె పోసి అందులో పడిన నీడను ముందు చూడాలి. కానీ మేనమామ మస్కట్‌లో ఉన్నాడు. ఫోనులో నూనె గిన్నె చూపిస్తే చెల్లుతుందా అని కూడా అడిగిందట మా అవ్వ. అయ్యగారు కాసేపు ఆలోచించి, చెల్లదని చెప్పాడట. మళ్లీ ఆయనే దారి చూపించాడు. ఇది నొప్పులతో వచ్చే కాన్పు కాదు కదా, డాక్టరు చేతిలో ఉన్న పనే కదా, రోజు మార్చుకుంటే సరిపోతుంది కదా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పుట్టబోయే పిల్లవాడికి రోజులు వెతుకుడేంది, వాడేమన్నా పెళ్లికొడుకా అని అరిచాను. అవ్వ గడప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా బాపు కూడా గల్ఫ్‌కే పోయాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆయన శవం వచ్చింది. అప్పటినుంచి దూరదేశపు ఫోను మోగితే చాలు, ఎత్తడానికి ముందు మా అవ్వ దేవుడికి దండం పెట్టుకుంటుంది.

కొంగు తీసి అంది. "మీ బాపును పెట్టెల వెట్టి తెచ్చిచ్చిన్రు బిడ్డా. ఇంకో పెట్టె నేను సూడలేను."

దాని ముందు నా కోపం ఏం నిలుస్తుంది? నాకు మాత్రం వాడు తమ్ముడు కాడా? మంగళవారం కడుపు కోయించుకోరు కాబట్టి బుధవారం అనుకున్నాం. నా భర్త మీ ఇష్టం అన్నాడు. ఇంట్లో మూడొంతుల విషయాలకు ఆయన చెప్పే మాట అదే. డాక్టరమ్మ ముఖం చిట్లించింది కానీ ఆశ్చర్యపోలేదు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అయ్యగారు రాసిచ్చిన గడియ పట్టుకునే వస్తారు. సరే, రెండు రోజులే కదా, కదలిక తగ్గినట్టు అనిపిస్తే మాత్రం ఆ నిమిషమే బయల్దేరి రండి అంది.

సోమవారం నాడు మా అవ్వ ఎంత హుషారుగా ఉందో! పాత ధోవతులు ఉడకబెట్టి ఆరేసింది, పొత్తిగుడ్డలకని. బాలింతకు పెట్టే కాయం కోసం శొంఠి, మిరియాలు, వాము ఎండబెట్టింది. పుట్టకముందే కొత్తవి కొనకూడదు కాబట్టి నా కూతురి పాత టోపీలే ఉతికి పెట్టింది. లోపలివాడు కూడా ఆ రోజంతా తన్నుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు. ఇంకా ఇంట్లోనే ఉన్నావేమక్కా అన్నాడు. డాక్టరమ్మకు ఏదో పని పడింది, బుధవారానికి మార్చింది అని చెప్పాను. బుధవారమా అని వాడు మళ్లీ ఒకసారి అడిగాడు. తర్వాత, సరే అక్కా, పైలం అని పెట్టేశాడు.

మంగళవారం పొద్దున కదిలాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పడుకుని లేచేసరికి కడుపు బరువుగా ఒకవైపు జారినట్టుంది. బెల్లం నీళ్లు తాగాను. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. కడుపు మీద చేయి వేసి పిలిచాను. వచ్చే ముందు పిల్లలు నిమ్మళంగానే ఉంటారని అవ్వ అంది. ఆ మాట అంటూనే చెప్పులు వేసుకుంది. కారు మాట్లాడుకుని కరీంనగర్ పోయేసరికి దీపాలు పెట్టే వేళయింది. స్కానింగ్ గదిలో ఆ మిషన్ మొదటిసారి గుండె చప్పుడు వినిపించినప్పుడు నేను ఎంత నవ్వానో నాకు గుర్తుంది. ఈసారి డాక్టరమ్మ పరికరాన్ని కడుపు మీద అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. చప్పుడు రాలేదు. ఆమె మిషన్ ఆపేసి నా చేయి పట్టుకుంది.

పిల్లవాడు అడ్డంగా ఉన్నాడు, పాత కోత దగ్గర పల్చబడింది, అందుకని ఆపరేషన్ తప్పదన్నారు. వీపులో సూది ఇచ్చారు. నడుము కింద మొద్దుబారింది కానీ తెలివి ఉంది. నా కూతురప్పుడు ఆ గదిలో అందరూ ఏదో మాట్లాడుకుంటూ పని చేశారు. ఈసారి కత్తెర్లు ట్రేలో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. లోపలినుంచి లాగుతున్నట్టు తెలిసింది. ఇప్పుడు ఏడుస్తాడు, వీళ్లంతా తప్పు చెప్పారు, ఇప్పుడు ఏడుస్తాడు అని ఎదురుచూశాను. నిజంగానే ఎదురుచూశాను. ఏడవలేదు.

ముఖం చూడొద్దు, చూస్తే మరిచిపోలేవు అన్నారు మా వాళ్లు. మరిచిపోవాలని ఎవరికుంది? చూపించమని ఆయమ్మను గట్టిగా అడిగాను. తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. నిండు బిడ్డ. తల నిండా జుట్టు. ముక్కు అచ్చం మా తమ్ముడిదే. నేను పాలివ్వని ఆ పెదాలను వేలితో ముట్టుకున్నాను, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. రాత్రికి రాత్రే వచ్చిన నా భర్త, ఇంకో ఇద్దరు మగవాళ్లు పొద్దున్నే చొప్పదండికి తీసుకుపోయి మా పొలం దాపున మట్టిచేశారు.

బొడ్డుతాడు మెడకు బిగిసిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండు రోజుల వల్లనేనా అని నేను అడిగితే, చెప్పలేనమ్మా, ఏ రోజైనా జరగొచ్చు అంది. సోమవారం తీసి ఉంటే బతికేవాడా అన్నాను. ఆమె నా బీపీ చూసి వెళ్లిపోయింది.

గదిలో మేమిద్దరమే మిగిలాక అవ్వ నా మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. ఒక్క రాత్రిలోనే ముసలిదైపోయింది.

"తమ్మునికి మాత్రం చెప్పకు," అంది. "వాని కోసం మార్చినమని తెలిస్తే వాడు గాడ దిక్కులేని కాడ ఏమన్నా చేసుకుంటడు."

నాకూ ఆ భయమే పట్టుకుంది. వాడు మెత్తటి మనిషి. ఎండలో, ఇనుప చువ్వల మధ్య పని. పక్కన ఓదార్చే మనిషి లేడు. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఉన్నవాడినైనా కాపాడుకోవాలి. బొడ్డుతాడు బిగిసింది, అంతే, ఎవరి తప్పూ లేదు అని ఫోనులో చెప్పాను. అవతల వాడు ఏడుస్తుంటే విన్నాను. ఈ ఒక్క సంగతి వాడి చెవిన పడకుండా చూసుకోవడమే ఆ తర్వాత నా పని అయింది.

ఆపరేషన్ తర్వాత ఏడవడం కూడా చేతకాదని అప్పుడే తెలిసింది. ఏడిస్తే కుట్లు లాగుతాయి. దగ్గితే, తుమ్మితే, పక్కకు తిరిగితే పేగులు బయటపడతాయేమో అనిపిస్తుంది. గ్యాస్ పోయేదాకా చెంచాడు నీళ్లే. రెండో రోజు నర్సు వచ్చి లేచి నడవమంది. పొట్టకు దిండు అదిమిపెట్టుకుని, అవ్వ మెడ చుట్టూ చేయి వేసి లేచాను. వరండాలో వరసగా తొట్టెలు, పసిపిల్లల ఏడుపులు. ఏం పుట్టిందమ్మా అని ఒక ముసలామె ప్రేమగా అడిగింది. మా అవ్వ ఆమెను చూసిన చూపుకు ఆమె నోరు మూసుకుంది. పాపం, ఆమెకేం తెలుసు!

మూడో రోజుకు పాలు వచ్చాయి. నా ఒంటికి ఎవరూ చెప్పలేదు కాబోలు బిడ్డ లేడని. రొమ్ములు రాళ్లయ్యాయి, రవిక తడిసిపోయేది. పక్క గదిలో ఎవరి బిడ్డ ఏడ్చినా నాకు కారిపోయేవి. మాత్రలు ఇచ్చారు. అవ్వ మల్లెపూలు తెప్పించి గుడ్డలో పరిచి ఎదకు కట్టింది, పాలు వెనక్కి పోతాయని. ఆ వాసన నాకు అప్పటినుంచి పడదు. పెళ్లిళ్లకు పోతే దూరంగా కూర్చుంటాను.

ఇంటికి వచ్చాక అవ్వ నన్ను మామూలు బాలింతను చూసినట్టే చూసింది. ఏదీ తగ్గించలేదు. వావిలాకు వేసిన నీళ్లు కాచి, కుట్లకు తగలకుండా ఒళ్లంతా కాపేది. చెవులకు గుడ్డ కట్టేది. ప్రతి పూటా మొదటి ముద్ద కాయం కలిపిన అన్నమే పెట్టేది. నాకు ఆమె మీద చంపేయాలన్నంత కోపం. నేను ఆమెతో మాట్లాడడం మానేశాను. కానీ మంచం మీదినుంచి లేవాలంటే ఆమె చేయే కావాలి, బాత్రూముకు పోవాలంటే ఆమె భుజమే కావాలి. కోపం తెచ్చుకుని ముఖం తిప్పుకుందామన్నా కుట్లు తిరగనివ్వవు. ఒకరోజు నీళ్లు పోస్తూ పోస్తూ చెంబు అక్కడే వదిలేసి, నా తడి వీపు మీద తల పెట్టి ఏడ్చింది. నేను చెంబు తీసి ఆమె చేతికిచ్చాను. ఆ రోజునుంచి మళ్లీ మాట్లాడాను. ఏం చేస్తాం, ఇద్దరం ఒకే పొయ్యి మీద ఉన్నాం.

తమ్ముడు వీడియో కాల్ చేసినప్పుడల్లా నేను నవ్వు ముఖం పెట్టేదాన్ని. వాడు ఎప్పుడూ సోమవారం సంగతి అడగలేదు. అడగనందుకు లోపల మొక్కుకునేదాన్ని.

వానలు తగ్గాక వాడు సెలవు మీద వచ్చాడు. అప్పటికి నా కోత మానింది, మొద్దుగా ఒక గీత మిగిలింది. వచ్చిన మర్నాడే, అల్లుడు ఉన్న కాడికి తీసుకుపో అక్కా అన్నాడు. ఆడవాళ్లు పోరు అక్కడికి. నేను అదివరకు పోలేదు. అవ్వకు పొలం చూసి వస్తామని చెప్పి బండి మీద ఎక్కాను. గట్టు పక్కన మట్టి అప్పటికే చదునైపోయింది, మొక్కజొన్న ఏపుగా పెరిగి ఉంది. మా ఆయన గుర్తుకు పెట్టిన బండరాయి ఒకటి కనిపించింది. వాడు దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు మట్టిని అరచేత్తో సాపు చేశాడు.

నా వైపు చూడకుండానే అన్నాడు. "తారీఖు ఎందుకు మార్చిన్రో నాకు ఎరుకే అక్కా."

డాక్టరమ్మకు పని పడిందిరా అని మళ్లీ అదే అబద్ధం మొదలుపెట్టాను. వాడు తల అడ్డంగా ఊపాడు. అమావాస్య కాదు, మూఢం కాదు, అవ్వ రోజు మార్చిందంటే తన గండం కోసం తప్ప ఇంకెందుకు మారుస్తుంది అన్నాడు. సోమవారం నేను ఫోనులో చెప్పిన నిమిషమే అర్థమైందట. అప్పుడే ఫోను చేసి, నాకేం గాదు, పోయి ఆపరేషన్ చేయించుకొమ్మని అందామనుకున్నాడట. రెండు రోజులకు ఏమవుతుందిలే, అవ్వ మనసు నిమ్మళంగా ఉంటది కదా అని ఊరుకున్నాడట.

"గా రెండు దినాలు నాయి గావక్కా," అన్నాడు. "వానియి."

నేను వాడి పక్కనే మట్టిలో కూలబడ్డాను. నెలల తరబడి వాడికి తెలియకుండా నేను దాచిందంతా వాడు అక్కడ ఒక్కడే మోశాడు. నేను నవ్వు ముఖం పెట్టింది చూసి, తనూ నవ్వు ముఖం పెట్టాడు. ఇద్దరం ఆ గట్టు మీద కూర్చుని, నా పాత కోత లాగినా లాగకపోయినా, కడుపారా ఏడ్చాం. లేచేటప్పుడు వాడు ఒక్కటే అడిగాడు. తనకు తెలుసన్న మాట అవ్వకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఆమె బతకదన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గుమ్మంలో ఎదురుచూస్తోంది. పొలాల దిక్కు పోయి వచ్చిన కొడుకును లోపలికి రానివ్వకుండా ఆపింది. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకుని వాడి తల చుట్టూ తిప్పి, నా కొడుకు నూరేండ్లు సల్లగుండాలె అని మూడుసార్లు అంది. ఆమె తిప్పుతున్నంతసేపూ వాడు కళ్లు మూసుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.