గడ్డి దూడ

మా ఇంటి వెనక వాటాలో కిరాయికుండే లెక్చరరమ్మ చనిపోయింది. ఆమె పాలగిన్నెను రాత్రి కడిగి గడప పక్కన బోర్లించేది. తెల్లవారి నేను వచ్చేలోగా లేచి, దాన్ని వెల్లకిలా పెట్టి మూత వేసేది. పోయిన మంగళవారం నేను వెళ్ళేసరికి గిన్నె ఇంకా బోర్లించే ఉంది. పిలిచాను. మళ్ళీ పిలిచాను. నా కొడుకును లేపి తలుపు గడియ విరగ్గొట్టించాను. కుర్చీలో కూర్చునే ఉంది, కళ్ళద్దాలు పెట్టుకునే ఉంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ ఏడాది కొన్ని సంగతులు అడగకుండా ఉండడం నేర్చుకున్నాను.

నేను చదువుకున్నవాణ్ణి కాను. నా చిన్నతనంలో బడి అంటే ఉర్దూ బడి, అదీ మధ్యలోనే మానేశాను. తెలుగు అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. తార్నాకలో బర్రెలు కట్టి, యూనివర్సిటీ క్వార్టర్లకు పాలు పోసి ఇల్లు కట్టాను. సిగ్గుపడే పని ఏదీ చేయలేదు. నేను రాసినదాంట్లో అక్షరం తప్పుంటే అచ్చువేసేవాళ్ళు దిద్దుకోవచ్చు. మాట మాత్రం దిద్దొద్దు.

ఆమె కోస్తా మనిషి. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు అడగడానికి వచ్చిన రోజు, "ఒక్కదానివే ఎట్లుంటవమ్మా?" అన్నాను. "మీరున్నారుగా పెద్దయ్యగారూ, ముందు వాటాలో" అంది. ఆ జవాబు నచ్చి ఇచ్చాను. వారం తిరగకముందే ల్యాబు నుంచి పాలు చూసే గాజు గొట్టం తెచ్చి నా కళ్ళముందే గిన్నెలో వదిలింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏందమ్మా ఇది? పోలీసోళ్ళ తీరుగ తలాషీ చేస్తున్నవ్?"

"కోప్పడకండి పెద్దయ్యగారూ. నీళ్ళున్నాయేమో చూస్తున్నానంతే."

"నీ గొట్టం ముందు పుట్టిందా, నా బర్రె ముందు పుట్టిందా?"

గొట్టం నిలబడాల్సిన గీత దగ్గరే నిలబడింది. ఆమె వంగి చూసి, "గొట్టం ఓడిపోయిందండి" అంది. మళ్ళీ ఎన్నడూ దాన్ని ఇంటికి తేలేదు. పైగా మా పెద్దయ్యగారి పాలు ల్యాబులో పాసయ్యాయని క్వార్టర్లంతా చెప్పుకొచ్చింది. నాకు గిరాకీ పెరిగింది.

రోజూ నడిచే వెళ్ళేది, సీతాఫలం పొదల మధ్య దారిన. చేతిలో గొడుగుండేది కానీ ఎండలో తెరిచేది కాదు. "వానకు దాస్తున్నానండి" అనేది. కాయల కాలంలో కొంగులో సీతాఫలాలు తెచ్చి, నా మనవరాలిని మెట్లమీద కూర్చోబెట్టుకుని తినేది. ఇద్దరూ గింజలు గోడ అవతలికి ఊసేవాళ్ళు. అంత చదివిన మనిషి అట్లా ఊస్తుంటే చూసి నవ్వుకునేవాణ్ణి. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటి మనిషి ఆ మనవరాలే. డాక్టరు కావాలని దాని కోరిక. అరవై ఎనిమిది జూన్‌లో పీయూసీలో చేరింది. సాయంత్రాలు లెక్చరరమ్మ దగ్గర కూర్చునేది. "తెలియలేదని చెప్పటానికి సిగ్గుపడకే. సిగ్గుపడితే తెలియకుండానే ముసలిదానివవుతావు" అని ఆమె అనడం ముందు వాటాలోకి వినిపించేది.

ఆ చలికాలంలో మా బర్రె ఈనింది. దూడ బతకలేదు. పాలు పోసేవాళ్ళం చేసే పనే చేశాను. దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, కట్టెలతో కాళ్ళు పెట్టి బర్రె ముందు నిలబెట్టాను. అది నాకుతుంటే పాలు పిండుతున్నాను. లెక్చరరమ్మ కాలేజీకి పోతూ చూసి ఆగింది.

"పెద్దయ్యగారూ, దూడ చచ్చిపోయిందని దీనికి తెలియదా?"

"ఎందుకు తెల్వదమ్మా? దానికి వాసన తెల్వదా? తెలిసే నాకుతది."

"మరెందుకు?"

"నాకకుంటే చేపదు. పాలు దిగకుంటే పొదుగు గడ్డకడతది. నొప్పి."

ఆమె దూడకేసి చూస్తూ అక్కడే నిలబడింది. ఆలస్యమవుతుందని నేనే గుర్తుచేశాను.

జనవరిలో తెలంగాణ కావాలని పిల్లలు రోడ్డెక్కారు. వాళ్ళు అడిగింది తప్పని నేననను. నా కొడుక్కు రావాల్సిన నౌకరీ ఎటు పోయిందో నాకు తెలుసు, వాడు నాతోపాటు పాలు పోస్తున్నాడు. లెక్చరరమ్మ కూడా తప్పనలేదు. "అడగాల్సిందేనండి" అనేది. అయితే అడిగేవాళ్ళ వెనకాల ఇంకేదో నడిచి వస్తున్నట్టుండేది. దాని మొహం నేను చూడలేదు. కానీ పాలు పోసేవాడికి అడుగుల చప్పుడు అందరికన్నా ముందు వినిపిస్తుంది. క్వార్టర్లలో ఒక ఇల్లు, మర్నాడు ఇంకో ఇల్లు, "రేపటినుంచి పాలొద్దు తాతా" అనేవాళ్ళు. ఎక్కడికి పోతున్నారో చెప్పేవాళ్ళు కాదు. రిక్షాల్లో పరుపుచుట్టలు సీతాఫల్‌మండి స్టేషన్ వైపు పోయేవి. చెట్లకింద పోలీసు లారీలు వచ్చి నిలబడ్డాయి. ఒక మధ్యాహ్నం కాలేజీ వైపునుంచి చప్పుడు వచ్చింది. టపాసులు అన్నాడు మా చౌరస్తాలో పాన్ డబ్బా అతను. ఆ రోజు ఏ పండుగా లేదు.

ఆమె మాత్రం రోజూ కాలేజీకి వెళ్ళింది. నా మనవరాలు కూడా జడలు వేసుకుని, పుస్తకాలు పట్టుకుని వెళ్ళేది. గేటు తెరిచి ఉంటే లోపలికి, లేకపోతే ఇంటికి.

ఒక రాత్రి మా వీధివాళ్ళు కాని పోరగాళ్ళు కొందరు వచ్చారు. "తాతా, వెనక వాటాల ఎవరుంటరు?" అన్నారు.

"బర్రెలుంటయి. పాలు పిండుతరా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఒక్కడు నవ్వలేదు. వెనక వాటా గడప పక్కన బోర్లించిన గిన్నెకేసి చూశాడు. చూసి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం వచ్చింది. పరీక్షలు పెట్టలేదు. అందరినీ ఊరికే పాస్ చేస్తారని ఒక మాట, ఏడాది పోయినట్టేనని ఒక మాట. లెక్చరరమ్మ చెల్లెలు వాల్తేరులో ఉంటుంది. పిల్లను ఆమె ఇంటికి పంపండి, అక్కడి యూనివర్సిటీలో చేర్పిద్దాం అంది లెక్చరరమ్మ. కానీ ఇక్కడ గడిపిన ఏడాది అక్కడ లెక్కలోకి రాదు. మళ్ళీ మొదటి ఏడాదిలో కూర్చోవాలి. నా కొడుకు లేచి నిలబడ్డాడు.

"గదేంది బాపూ? చదివిందే మళ్ళ చదివితే పిల్ల ఫెయిలయిందనుకుంటరు. గీడ ఊకెనే పాస్ చేస్తరంటున్నరు గద. అందులో గిసొంటి టైముల గాడికా? మనోళ్ళు ఏమంటరు? గాడోళ్ళు ఏం చేస్తరు?"

"పాసు కాగితం ఇస్తారేమో నాయనా. కానీ ఈ ఏడాది నేను చెప్పిన పాఠమెంత?" అంది లెక్చరరమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "పెద్దయ్యగారూ, మీ కొట్టంలో గడ్డి దూడ ఉందే, ఈ ఏడాది నేను అదేనండి. అమ్మాయి రోజూ వచ్చి నా మొహం చూసి, చదువుకున్నాననుకుని వెళ్ళింది."

"నువ్వేమంటవ్ బిడ్డా?" అని మనవరాలిని అడిగాను.

"ఏడాది పోతే పోనీ తాతా, మళ్ళ చదువుత. గని భయమైతంది. గాడ నేను నోరు తెరిస్తెనే తెలుస్తది, యాడిదాన్నో."

"తెలుస్తుందమ్మా" అంది లెక్చరరమ్మ. "ఇక్కడ నేను నోరు తెరిస్తే తెలియటంలేదూ? ఏమైంది నాకు? చచ్చిపోయానా?" అని నవ్వింది.

ఆ నవ్వును ఇప్పుడు నేను తలుచుకోలేను. ఆ రోజు మాత్రం అందరం నవ్వాము. "పిల్ల పోతది" అన్నాను. మా ఇంట్లో నేనన్నాక ఇంకో మాట లేదు.

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కించాము. లెక్చరరమ్మ తన గొడుగు కిటికీలోంచి లోపలికిచ్చింది. "అక్కడ వానలెక్కువే, ఉంచుకో" అంది. రైలు కదిలాక నా కొడుకు, "మన పిల్ల వాళ్ళ దగ్గర, వాళ్ళ మనిషి మన దగ్గర" అన్నాడు. వాడు ఊరికే అన్నాడు. ఆమె వినలేదనుకున్నాను. ఇంటిదాకా ఆమె ఒక్క మాట మాట్లాడకపోతే తెలిసింది, విన్నదని.

మర్నాడు పాన్ డబ్బా అతను, "మనవరాలిని గాడికి తోలినవట. గీడి నీళ్ళు చేదైనయా తాతా?" అన్నాడు. "నీ పాన్ చేదైంది" అని అక్కడే ఉమ్మి వచ్చాను. మళ్ళీ ఆ డబ్బా దగ్గరికి పోలేదు.

సీతాఫలాల కాలం వచ్చింది. ఈసారి ఆమె కొంగులో కాయలు లేవు. పొదలమీదే పండి, పగిలి, చిలుకల పాలవుతున్నాయి. ఎందుకు తేవడంలేదని అడిగాను.

"ఆ పొదల దగ్గర ఎవరో నిలబడుతున్నారండి."

"ఎవరమ్మా? ఏమన్న అన్నరా?"

"ఏమీ అనరు. నిలబడతారంతే."

కర్ర తీసుకుని వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. దారిలో పళ్ళు తొక్కి ఉన్నాయి, అప్పుడే తొక్కినట్టు తడిగా. ఆ సాయంత్రం చెప్పాను, "నువ్వు గూడ మీ చెల్లె దగ్గరికి పోరాదమ్మా, గీ గడబిడ సల్లవడ్డంక రా."

"నేను వెళ్తే అమ్మాయి ఏమనుకుంటుందండి? చదువుకోమని కాదు, పారిపొమ్మని పంపాననుకోదూ?"

ఇంక నేను బలవంతం చేయలేదు. అప్పటినుంచి ఆమె సాయంత్రాలు కుర్చీని తలుపుకు ఎదురుగా వేసుకుని కూర్చునేది. దీపం పెట్టేది కాదు. మంగళవారం మేము చూసిందీ ఆ కుర్చీలోనే, తలుపుకేసి.

చెల్లెలు వచ్చేదాకా ఐసు పెట్టి ఉంచాము. పాడె మోయడానికి వీధిలో తలుపులు తెరుచుకోలేదు. నేనూ నా కొడుకూ ముందు పట్టాము, క్వార్టర్లలో మిగిలిన ఒక గుమాస్తా వెనక పట్టాడు. నాలుగో భుజం ఎవరిదా అని చూస్తే, పాన్ డబ్బా మూసి అతను వచ్చి నిలబడ్డాడు. అతనితో నేను మాట్లాడలేదు. భుజం మాత్రం వద్దనలేదు.

చెల్లెలు వెళ్ళేముందు అడిగింది, "అమ్మాయిని ఏం చేయమంటారండి? తాతను అడిగి రమ్మంది. మీరు ఉండమంటే ఉంటుందట, రమ్మంటే వస్తుందట."

"ఈమె మాట మీద పంపినం. ఈమెనే లేకపాయె. తోల్కొస్త బాపూ" అన్నాడు నా కొడుకు.

"మళ్ళ నడుమల తెంపుతవారా? మొదలువెట్టిందే మళ్ళ మొదలువెట్టింది పిల్ల. ఇంకోసారి ఎట్ల మొదలువెడతది?"

"గాడ దానికేమన్న అయితే?"

ఆ భయం నాకూ ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. ఉండమనే చెప్పి పంపాను.

చెల్లెలు సామానంతా తీసుకెళ్ళింది. గడప పక్కన గిన్నె మాత్రం మరిచిపోయింది.

ఈ పొద్దున కొట్టంలో గడ్డి దూడ మెడ దగ్గర కుట్టు ఊడి, గడ్డి బయటికి వచ్చింది. పారేద్దామని చెయ్యి వేస్తే బర్రె తల అడ్డం పెట్టింది. ఊరుకున్నాను. నాకింది, చేపింది, పిండాను. క్యాన్ పట్టుకుని వెనక వాటాకు వెళ్ళాను. తలుపుకు తాళం ఉంది. బోర్లించిన గిన్నెను వెల్లకిలా పెట్టాను. పాలు పోశాను. మూత వేశాను.