గోతాం బరువు తీసి తూచిన మనిషి

మొన్న ఆదివారం పొద్దున, ఆదోని దగ్గర నేను మొదట పనిచేసిన ఊరి నుంచి ఫోను వచ్చింది. ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క. "మేడం, మన పెద్దసారు పోయినాడు. రాత్రి రొట్టె తిని పండుకున్నాడంట, పొద్దున లేయలేదు" అంది. ఫోను పెట్టేసి వంటింట్లోనే నిలబడి ఏడ్చాను.

ఆయన మా హెడ్మాస్టరు. తరగతి చూడ్డానికి వస్తే కుర్చీ వేయించుకునేవాడు కాదు. చెప్పులు బయట విడిచి, "అబ్బా, మోకాళ్లు" అని మూలుగుతూ చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కునేవాడు. "నాకు తెలీలేదప్పా, మీ మేడం ఏం సెప్పిందో రోంత సెప్పు" అని పక్కనున్న పిల్లల్ని అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది. అసలే కోపం ముక్కు మీద ఉండే మనిషిని. "నన్ను అడక్కుండా పిల్లల్ని అడుగుతారేంటి సార్?" అనేశాను ఒకరోజు. ఆయన నవ్వాడు. "కూర ఎట్లుందో వండినోళ్లను అడుగుతామా తల్లీ? తిన్నోళ్లను అడగల్ల గానీ."

ఆ ఊళ్లో పత్తి పని అయిపోగానే సగం ఇళ్లకు తాళాలు పడేవి. పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయేవాళ్లు. సుగ్గికి పోవడమంటారు. తిరిగొచ్చేది ఉగాది ముందు. ఒక ఏడు వాళ్లు బస్సు దిగిన వారంలోనే పరీక్ష పెట్టారు. మండలంలో నా మూడో తరగతే అడుగున పడింది. తనిఖీకి వచ్చిన అధికారి, "ఈ టీచరు పనితీరు బాగాలేదని రాయక తప్పదు" అన్నాడు. కొత్త ఉద్యోగం. ఆ మాట ఒకసారి పడితే తుడిచేదెవరు? 

పెద్దసారు గొడవపడలేదు. "మా ఆదోని మార్కెట్టులో పత్తి తూస్తే గోతాం బరువు తీసేసి లెక్క కడతారు సార్. ఈ పిల్లోళ్లు బడికి రాని నెలలు గూడా తీసేసి తూయండి" అని, ఆయన్ను తీసుకుపోయి చివరి బెంచీలో, సుగ్గి నుంచి వచ్చిన ఒక పాప పక్కన కూర్చోబెట్టాడు.

"పోయేటప్పుడు నీకు ఏమేం వచ్చునమ్మా?" అని పెద్దసారే అడిగాడు.

"అచ్చరాలు సార్. ఒత్తులు రావు."

"ఇప్పుడు?"

"బస్సుల మీద పేర్లన్నీ చదువుతా. మా తమ్మునికి గూడా నేర్పిచ్చినా. బడి లేనికాడ బోర్డులే చదువుకోమని మేడం సెప్పింది గదా!"

అధికారి గోడ మీదున్న వాక్యం చూపించాడు. పాప ఒత్తులతో సహా కూడబలుక్కుని చదివింది. ఆయన రాయబోయిన మాట రాయలేదు.

జీపు వెళ్లగానే దండం పెట్టబోయాను. "ఆగు. తీసివేతల్లో నీ పిల్లోళ్లు తడబడతాండారు. నువ్వు తొందరపడతాండావు. గోతాం బరువు తీసినాక మిగిలిన లోటు నీదే గదా" అన్నాడు పెద్దసారు. మెచ్చుకుంటాడనుకుంటే ఇదేంటని ఉక్రోషం వచ్చింది. ఇంటికెళ్లి ఆలోచిస్తే నిజమే. మర్నాడు చింతగింజలు పోసి తీసివేతలు మళ్లీ మొదటినుంచి చెప్పాను. నన్ను కాపాడిందీ, దిద్దిందీ ఆ ఒక్క తూకమే. అందుకే ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఇప్పుడు ఎమ్మిగనూరు దగ్గరి ఒక బడిలో నేనే హెడ్మాస్టర్ని. కొత్తగా చేరిన టీచరు పనితీరు ఎలా ఉందో ఈ వారం నేను రాయాలి. ఆమె పిల్లల మార్కులు బాగాలేవు. ఆ పిల్లలూ సుగ్గి నుంచి ఇప్పుడిప్పుడే వస్తున్నారు.

నిన్న ఆమె తరగతికి వెళ్లాను. నన్ను చూడగానే ఆమె చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. గబగబా కుర్చీ లాగింది. వద్దమ్మా అని, చెప్పులు బయట విడిచి వెనక్కి నడిచాను. నా మోకాళ్లూ ఇప్పుడు మూలుగుతున్నాయి. చివరి బెంచీలో ఒక పాప నా వైపు చూసి, సంచి ఒళ్లోకి లాక్కుని పక్కకు జరిగింది.

"ఈడ కూసో మేడం, సోటుంది."