కొట్టేసిన నలభై గంటలు

ఆమె పంతొమ్మిదేళ్లు ఆ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఆయాగా చేసింది. మంచాన పడ్డవాళ్లను పక్కకు తిప్పడం, ముద్ద నోటికందించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. కూతురి పుస్తకాలు ముందేసుకుని చదివి, నలభై నాలుగో ఏట పట్టా తెచ్చుకుంది. అయితే అలాంటి కేంద్రాన్ని నడిపే నిర్వాహకురాలు కావాలంటే పట్టా ఒక్కటే చాలదు. లైసెన్సున్నవాళ్ల కింద వెయ్యి గంటలు శిక్షణ పొందాలి. గంట గంటకూ వాళ్లు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ తర్వాతే పరీక్ష.

పుస్తకం చంకన పెట్టుకుని తిరుగుతోందని తోటి ఆయాలు ఆమెకు గంటలమ్మ అని పేరు పెట్టారు.

శిక్షణ ఇచ్చేది ఆ కేంద్రం నిర్వాహకురాలు పెద్దమేడం. మాట పొదుపు, చూపు చురుకు. మొదటి నెలాఖరున ఆవిడ నలభై గంటలను ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

"నేను ఒక్క నిమిషం కూర్చోలేదు మేడం," అంది గంటలమ్మ.

"అదే చెప్తున్నా. ఇద్దరు ఆయాలు రాకపోతే వాళ్ల పని నువ్వు చేశావు. రేపు ఆరుగురు రాకపోతే ఏం చేస్తావ్? మనుషుల్ని సర్దడం నీ పని. అది ఎవరు చేశారు?"

గంటలమ్మ దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. ఇంటికొచ్చి మొగుడితో గోడు వెళ్లబోసుకుంది. ఆయన దర్జీ. మిషను ఆపకుండానే అంతా విని, "ఆవిడ అన్నదాంట్లో తప్పేముందే?" అన్నాడు. రెండు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజుకు, ఎవరు రాకపోతే ఎవరిని పిలవాలో జాబితా రాసి పెద్దమేడం బల్ల మీద పెట్టింది. ఆవిడ చదివి, ఆ పూట గంటలకు సంతకం పెట్టింది.

అక్కణ్ణుంచి వంటగది, మందుల గది, జీతాల లెక్క, కుటుంబాల ఫిర్యాదులు, ఒక్కోటీ నేర్చుకుంది. మంటలొస్తే ఏం చేయాలో ఆయాలకు సాధన చేయించే బాధ్యతా మీదేసుకుంది.

ఏడొందల గంటలు దాటాక, చెప్పాపెట్టకుండా తనిఖీ అధికారులు వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఫైలు మూసేసి అడిగాడు. "పై అంతస్తులో నడవలేనివాళ్లు పదకొండు మంది. లిఫ్టు వాడకూడదు. మంటలొస్తే ఎలా దింపుతారు?"

పెద్దమేడం గంటలమ్మ వైపు చూసింది.

"ముందే కిందికి దింపం సార్," అంది గంటలమ్మ. "మంటను ఆపే తలుపు దాటించి అదే అంతస్తులో అవతలి విభాగంలోకి లాగుతాం. చూపించమంటారా?"

గంట మోగింది. నలుగురు ఆయాలు పరుపుల అంచులు పట్టి, ఒక్కొక్కరినీ నేల మీదికి జార్చి, జారుడుబల్ల మీద జారుతున్నంత తేలిగ్గా లాగుకుపోయారు. ఆ పదకొండు మందిలో ఒకరైన ముసలి లెక్కల మాస్టారు పరుపు మీంచే మనుషుల్ని లెక్కపెట్టారు. గంటలమ్మ చేతులు ఊరుకోనంటున్నాయి. అయినా ఆమె తలుపు దగ్గరే నిలబడి, ఎవరు ముందో ఎవరు వెనకో చెబుతూ పోయింది. ఒక్క పరుపైనా ముట్టుకోలేదు.

"పదకొండు," అన్నారు మాస్టారు. తొమ్మిది నిమిషాలు పట్టింది. పెద్దాయన తన గడియారం రెండుసార్లు చూసుకున్నాడు.

"ఈమె ఎవరు?" అని అడిగాడు.

"ఈ కేంద్రానికి కాబోయే నిర్వాహకురాలు," అంది పెద్దమేడం.

గంటలమ్మకు మిగిలిన గంటలు పరుగులా గడిచిపోయాయి. పరీక్షలో మొదటిసారికే గట్టెక్కింది. పెద్దమేడం పదవీ విరమణ చేసిన మర్నాడు ఉదయం ఎనిమిదింటికి, ఇస్త్రీ చీరలో, మెడ నిటారుగా గంటలమ్మ ఆవిడ గదిలోకి నడిచింది. వరండాలో ఆయాలంతా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.